ఏడో పేజీ

ఈ ఏడాది పదకొండు హత్యలు చూశాను,
రెండు ముట్టడులు, ఒక ప్లేగు,
ఒక రాజుగారికి పళ్ళన్నీ ఊడిపోవడం.
అన్నీ కార్లైల్‌లోనే,
లైబ్రరీ కార్డు మీద, మూడేసి వారాల గడువుతో.

పగలు బిస్కెట్ ఫ్యాక్టరీలో విరిగినవి ఏరడం నా పని.
బెల్టు మీద వేలకొద్దీ గుండ్రాలు జారిపోతుంటే
అంచు పగిలినదొక్కటే కంటికి గుచ్చుకోవాలి.
ఆ కళ్ళే ఇంటికొచ్చి నవల తెరుస్తాయి.
అందుకే నన్ను మోసం చేయడం కష్టమనుకునేవాణ్ణి.
జనవరిలో, ఆ లైట్‌హౌస్ నవలలో,
తొంభయ్యో పేజీకే తేల్చేశాను, పియానో టీచరేనని.
నూటపదిలో ఆవిణ్ణీ చంపేశారు పాపం.
"ఇక కుక్కని అనుమానించండి" అంది హైమ, అన్నం కలుపుతూ.

మార్చిలో, రోమన్ల గోడకి కాపలా వచ్చిన సిరియా కుర్రాడి కథ.
పద్దెనిమిది వందల ఏళ్ళ కిందట
మా బస్టాపుకి మైలు దూరంలో నిలబడి
కాళ్ళకి గుడ్డలు చుట్టుకుని
పక్కవాడికి అర్థంకాని సొంత భాషలో వానని తిట్టాడు.
ఆ పేజీ రెండుసార్లు చదివి
నేనూ కిటికీ తీసి ఓసారి తిట్టి చూశాను.
వాన ఆగలేదు.
హాయిగా మాత్రం ఉంది.

మే నెలలో బందరు అద్దకాల నవల. నీలిమందు తొట్టిలో శవం.
రాసినావిడ ఎంత శ్రమపడిందో,
ఓడల పేర్లు, సుంకాల లెక్కలు, తీరంలో గాలి వాలు.
కానీ పదహారు వందల ముప్ఫైలో
వంటావిడ టమాటా పప్పు వడ్డించింది!
హంతకుడు ఆఖరిదాకా నాకు దొరకలేదు,
టమాటా దొరికిపోయింది.

అసలు కేసు ఇవేవీ కావు.

ఏడో పేజీలో, అంకె కింద, సన్నని పెన్సిల్ గీత.
లైట్‌హౌస్‌లో ఉంది, గోడలో ఉంది, నీలిమందులో ఉంది.
నేను మెచ్చినవన్నీ
ఎవరో నాకంటే ముందే మెచ్చి వెళ్ళారు.
గీత లేనిది తెచ్చుకుంటే నలభై పేజీలకే కునుకు.
అప్పట్నుంచి అట్ట చూడ్డం మానేశాను.
సంబంధానికొచ్చినవాళ్ళు ముందు గోత్రం అడిగినట్టు
నేరుగా ఏడో పేజీ తెరిచేవాణ్ణి.

సెప్టెంబరు తర్వాత వచ్చిన కొత్త పుస్తకాల్లో గీత లేదు.
ఒక్కదాంట్లోనూ.
ప్లేగులో పోయిన ఇరుగుపొరుగుల పేర్లు
చేతితొడుగుల లోపలివైపు కుట్టి దాచుకునే ఆవిడ కథ,
గీత మనిషికి తప్పక నచ్చేది.
ఖాళీ.
పదకొండు శవాలకి పడని బెంగ
ఒక పెన్సిల్ గీతకి పడ్డాను.

డిసెంబరులో కౌంటర్ దగ్గర ఐలీన్ రౌట్లెడ్జ్‌ని అడిగేశాను,
గొంతు తగ్గించి, డిటెక్టివ్‌లా.
ఆవిడ గొంతేం తగ్గించలేదు.
"చదివేశానో లేదో మర్చిపోకుండా పెట్టుకునే గుర్తండీ అది!
ఒక్కొక్కరిదీ ఒక్కో పేజీ. ఏడు మిసెస్ నిక్సన్‌ది.
ఇప్పుడావిడ పెద్దక్షరాల అరకి మారిపోయింది,
అదిగో, హీటర్ పక్కన."

ఏడాది పట్టింది.
శవం లేదు, కళ్ళజోడు నంబరు మారిందంతే.

వెళ్ళి చూశాను. ఇటుకల్లాంటి పుస్తకాలు.
తొడుగుల నవల అక్కడా ఉంది.
ఏడో పేజీలో గీత, కాస్త లావుగా, కాస్త వంకరగా.
నాకు తెలుసు, నచ్చుతుందని.

ఇంటికొచ్చి, నా దగ్గరున్న మామూలక్షరాల ప్రతి తీసి,
పెన్సిల్ చెక్కి,
ఇరవై మూడో పేజీ అంకె పక్కన
ఒక అరసున్న పెట్టాను.
బళ్ళో మా మేష్టారు నేర్పి, ఇక అక్కర్లేదురా అన్న గుర్తు.
"లైబ్రరీ పుస్తకం మీదా!" అంది హైమ వెనకనుంచి.
ఉలిక్కిపడ్డాను.

సాక్షి ఒక్కతే.
ఆవిడకి టీ పెట్టాలి.